రోగమును చట్టమును: డిచ్‌పల్లి పాఠము



ప్రపంచారోగ్యన్యాయము అను నొక కొత్త శాస్త్రమును మన పిల్లలు పట్టభద్రులైన పిమ్మట ఇప్పుడు చదువుచున్నారు. ఒక దేశమున పుట్టిన రోగము మఱియొక దేశమునకు పాఱకుండ రాజ్యములు చేసికొను ఒడంబడికలు, రోగుల విషయమున ప్రభుత్వములు చేయు చట్టములు, ఆ చట్టముల వెనుక నుండు విధానములు దాని విషయములు. అమెరికాదేశమున వాషింగ్టన్ నగరమందలి జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమువారు ఈ శాస్త్రమునకు వేఱుగ ఎల్.ఎల్.ఎమ్. పట్టము నొసగుచున్నారు. మా నిజామాబాదు జిల్లాలోను 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయము డిచ్‌పల్లి యొద్ద నున్నది. అందు న్యాయశాస్త్రమును బోధించుచున్నారు. నేను న్యాయవాదిని గాను, వైద్యుడను గాను. ముప్కాల్ గ్రామవాసిని, తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. ఐనను ఈ శాస్త్రమును చదువబోవు యువతీయువకులకు ఒక మాట చెప్పదలచితిని. వారి మొదటి పాఠమునకై జెనీవా దాక పోనక్కఱలేదు. మా యూరిమీదుగ హైదరాబాదునకు పోవు రాజమార్గమున డిచ్‌పల్లి కడ దిగిన చాలును.

డిచ్‌పల్లిలో 1915వ సంవత్సరమున ఒక కుష్ఠువ్యాధి చికిత్సాలయము వెలసెను. దాని చరిత్రమును, దాని చుట్టును ప్రపంచమున నడచిన చట్టముల చరిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి తేటపడును. భయము చట్టమును త్వరగా చేయును. జ్ఞానము దానిని మెల్లగా మాన్పును. ఈ రెంటి నడుమ గడచిన కాలమంతయు రోగి మోసిన బరువు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఇదియే.

ముందుగా ఈ శాస్త్రము పుట్టువు సంగ్రహముగ చెప్పెదను. 1851వ సంవత్సరమున పారిసు నగరమున పండ్రెండు రాజ్యముల ప్రతినిధులు కలరాను గుఱించి సభ చేసిరి. ప్రతి రాజ్యమునుండి ఒక వైద్యుడు, ఒక రాయబారి వచ్చిరి. వైద్యమును రాజనీతియు ఒకే బల్లయొద్ద కూర్చుండుట అదియే మొదలు. నెలల తరబడి చర్చించియు వారు నిలుకడగల ఒడంబడిక చేయజాలకపోయిరి. కలరా ఎట్లు వ్యాపించునో వారిలో వారికే సమ్మతి లేదు. 1884 నాటికి జర్మను పండితుడు కాక్ కలరాకు కారణమగు క్రిమిని నిర్ణయించెను; 1892లో వెనిసు నగరమున మొదటి ఒడంబడిక కుదిరెను. 1948 ఏప్రిల్ 7వ తేదీన ప్రపంచారోగ్యసంస్థయొక్క రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. పొందదగిన ఉత్తమారోగ్యము ప్రతి మానవునకు మౌలికమైన హక్కని అందు వ్రాసికొనిరి. నేడు రాజ్యములను కట్టియుంచు అంతర్జాతీయారోగ్యనిబంధనలు 2005లో ఆమోదింపబడి 2007లో అమలులోనికి వచ్చినవి. కోవిడు ఉపద్రవమునకు పిమ్మట 2025 మే నెలలో మహమ్మారులను గుఱించిన క్రొత్త ఒడంబడికను ఆ సంస్థయొక్క సభ ఆమోదించెను.

ఇవన్నియు ముఖ్యముగ వడిగా పాఱు రోగములకొఱకు చేసికొన్న కట్టుబాట్లు. కుష్ఠువు అట్టిది గాదు. అది మెల్లగా వచ్చు రోగము. క్రిమి దేహమున చేరిన తరువాత గుర్తులు కనబడుటకు ఏండ్లు పట్టును. మానవులలో పెక్కుమందికి దానిని తట్టుకొను శక్తి సహజముగనే యున్నది. అది నరములను పట్టి స్పర్శను పోగొట్టును. బోధను ప్రాంతమున చెఱకు నఱకు కూలివానికి చేతికి స్పర్శ లేనిచో కత్తి తెగినను తెలియదు; బెల్లపు పొయ్యి కడ కాలినను తెలియదు. తెలియని గాయము పుండగును, పుండు ముదిరి వ్రేళ్ళు పోవును. జనులు ఆ పోయిన వ్రేళ్ళనే రోగమని తలచి వెఱచిరి. రోగము నెమ్మదిగా నడచినను, దాని భయము మాత్రము ఓడలకంటె వేగముగ దేశములు తిరిగినది.

మన ప్రాచీనులు ఈ విషయమున ఏమనిరో చూతము. సంస్కృతమున కుష్ఠమనగా నేటి వైద్యులు చెప్పు ఒక్క రోగమే కాదు. సుశ్రుతుడు పదునెనిమిది విధములైన కుష్ఠములను లెక్కించెను. వానిలో పెక్కు సామాన్య చర్మరోగములు. ఇన్ని రోగములకు ఒక్క పేరుండుటచేత ఒక్కదాని భయము అన్నిటికిని అంటుకొన్నది. మన యూళ్ళలో దీనిని పెద్దరోగమందురు. తెల్లమచ్చలుగల బొల్లి అంటురోగము కాకపోయినను, ఆ మచ్చలుగలవారు సైతము ఈ భయముచేత బాధపడినారు.

ధర్మశాస్త్రమునకు వచ్చిన, యాజ్ఞవల్క్యస్మృతి దాయవిభాగమున చికిత్సకు లొంగని రోగము గలవానిని అంధులు, పంగువులు మొదలగువారితో చేర్చి పిత్రార్జితమున భాగము లేదనినది; వానికి కూడుగుడ్డలిచ్చి పోషింపవలెననియు చెప్పినది. దీనికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు ఆఱవ విక్రమాదిత్యచాళుక్యుని కాలమున, మాకు దూరముగాని కల్యాణపురమున నుండెను. ఆ వ్యాఖ్యను ఆధారము చేసికొని పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరమును రచించెను. మితాక్షర ఇచ్చట ఒక మాట చేర్చినది. విభాగము జరిగిన తరువాతనైనను ఔషధాదులచేత దోషము పోయినయెడల ఆ మనుష్యునకు భాగము తిరిగి లభించునని దాని నిర్ణయము.

పూర్వులను పొగడుటకై నేనీ మాట చెప్పుటలేదు. రోగిని భాగమునుండి తొలగించినది ఆ శాస్త్రమే; ఆ తొలగింపు వలన ఎన్ని కుటుంబములలో ఎందఱు వీథిపాలైరో! బ్రిటిషువారి న్యాయస్థానములు తీవ్రమైన కుష్ఠుగలవానిని వారసత్వమునుండి త్రోసివేసినది ఈ యాధారముచేతనే. 1928లో చేసిన హిందూ వారసత్వ చట్టముచేత ఆ యడ్డంకి తొలగెను. ఐనను ఆ వ్యాఖ్యలోని న్యాయసూత్రమును గమనింపుడు. నిషేధము రోగమునుబట్టి వచ్చినది గనుక, రోగము పోయిన నిషేధమును పోవలెను. తొమ్మిదివందల యేండ్ల నాటి ఈ సూత్రమును చేతబట్టుకొని ఆధునిక చట్టములను కొలిచి చూతము.

1873వ సంవత్సరమున నార్వే దేశమున బెర్గెన్ పట్టణమున హాన్సెన్ అను వైద్యుడు కుష్ఠుక్రిమిని కనుగొనెను. ఈ రోగము వంశపారంపర్యము గాక క్రిమివలన వచ్చునని అప్పుడు తెలిసినది. ఆయన ప్రోద్బలమున నార్వేలో 1877లోను 1885లోను రోగులను వేఱుచేసి యుంచు చట్టములు వచ్చెను. అదే హాన్సెన్ ఒక రోగిణి కంటిలో ఆమె సమ్మతి లేకయే రోగపదార్థమును ఎక్కించి పరీక్షింపబూనెను. 1880లో బెర్గెన్ న్యాయస్థానము ఆయనను ఆస్పత్రి యుద్యోగమునుండి తొలగించెను. ఎంత గొప్ప పండితుడైనను రోగి యనుమతి లేక ఆమె దేహమును తాకరాదని ఆ తీర్పు చాటినది. ఆరోగ్యన్యాయమునకు రెండు ముఖములు గలవు: రోగినుండి లోకమును కాచుట యొకటి, లోకమునుండి రోగిని కాచుట రెండవది. హాన్సెన్ ఒక్కని జీవితమునందే ఈ రెండును కనబడుచున్నవి.

ఇక మన దేశము. 1889లో హవాయి ద్వీపములలో రోగులకు సేవచేయుచున్న డేమియన్ అను క్రైస్తవగురువు తానును ఆ రోగముచేతనే మరణించెను. ఆ వార్త ఇంగ్లండులో గొప్ప భయమును కలిగించెను. భారతసామ్రాజ్యమునుండి ఈ రోగము తమ దేశమునకు వచ్చునేమో యని పత్రికలలో గగ్గోలు పుట్టెను. చందాలు వసూలు చేసి ఒక నిధి కూర్చి, 1890లో భారతదేశమునకు ఒక విచారణసంఘమును పంపిరి. ఆ సంఘమువారు దేశమంతట తిరిగి రోగులను చూచి 1893లో తమ నివేదికను ప్రకటించిరి. ఈ రోగము వంశపారంపర్యము గాదు, అంటుకొను శక్తి బహు స్వల్పము, నిర్బంధముగ రోగులను వేఱుచేయుట కవసరము లేదు అని వారి నిర్ణయము. వారిని పంపిన లండను సంఘమువారికే ఇది రుచింపక భిన్నాభిప్రాయమును తెలిపిరి. 1897లో బెర్లిను నగరమున చేరిన అంతర్జాతీయ సభ నార్వే పద్ధతిని మెచ్చి రోగులను వేఱుచేయవలెనని సిఫారసు చేసెను. మఱుసటి యేడే, అనగా 1898లో, బ్రిటిషు ఇండియా ప్రభుత్వము కుష్ఠురోగుల చట్టమును చేసెను.

ఆ చట్టమునందేమున్నదో వినుడు. జీవనాధారము లేక వీథిలో నడచు రోగిని పోలీసువాడు వారంటు లేకయే పట్టుకొనవచ్చును. మేజిస్ట్రేటు వానిని ఆశ్రమమునకు పంపవచ్చును. చట్టము ప్రకటింపబడిన చోట్ల రోగి ఆహారపదార్థములు అమ్మరాదు, బావియొద్ద గాని చెఱువునందు గాని స్నానమాడరాదు, నీరు ముంచరాదు, బాడుగబండి తోలరాదు. ఈ నిషేధములను చదివినపుడు నాకొక సందేహము కలుగును. రోగమును ఆపుటకే ఈ చట్టమైనచో, ధనవంతుడైన రోగి తన మేడలో నుండి క్రిమిని వ్యాపింపజేయడా? పట్టుకొనుటకు తగిన లక్షణము రోగమా, పేదఱికమా? చట్టమును చదువు విద్యార్థి మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: ఈ చట్టముయొక్క చేయి ఎవని భుజము మీద పడుచున్నది?

నిజాము రాజ్యము ఆ చట్టమునకు వెలుపల నుండెను. మా యిందూరు ప్రాంతమునకు వచ్చిన మార్గము వేఱు. స్కాట్లండు దేశస్థురాలును ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించినదియు నగు ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కూడ 1907లో నిజామాబాదునకు వచ్చెను. వారు మెథడిస్టు మిషనువారు. దారిలో కనబడు కుష్ఠురోగులకు ఆశ్రయము లేకపోవుట చూచి వారు ఆ పనికి పూనుకొనిరి. నర్సాగౌడ్ అను హిందూ దాత ఇచ్చిన విరాళముతో డిచ్‌పల్లిలో 1915లో చికిత్సాలయము వెలసినది. పరదేశపు క్రైస్తవ వైద్యురాలు, ఈ నేలకు చెందిన దాత, ముసల్మాను ప్రభువు ఏలిన రాజ్యము. ఈ మూడును కూడిన చోట లోకము విడిచినవారికి నీడ దొరకెను. 1923లో ఆ దంపతులకు కైసర్-ఎ-హింద్ పతకము లభించెను. 1932లో ఆమె మరణించెను.

అచ్చట వాడిన మందు చాల్మూగ్రా జాతి వృక్షపు గింజల నూనె. దానిని సూదితో దేహమున నెక్కించెడివారు. పండితులకు ఇది క్రొత్తగాదు. పశ్చిమసముద్రపు ఒడ్డున పెరుగు తువరకమను వృక్షపు గింజల నూనెను సుశ్రుతుడు కుష్ఠమునకు విధించెను; ఆ తువరకము ఈ జాతిదేయని పండితుల నిర్ణయము. ఆ నూనె రోగమును సంపూర్ణముగ మాన్పలేకపోయినను ఒక గొప్ప మేలు చేసినది. మందున్నదని తెలిసినచోటికి రోగి తనంతట తాను వచ్చును; పోలీసువాడు పట్టుకొనునన్నచో దాగును. దాగిన రోగమే వ్యాపించునది. ఆరోగ్యవిధానమునకు మూలసూత్రమైన ఈ సంగతిని గ్రంథములు చదివి తెలిసికొనవచ్చును. చికిత్సాలయపు గుమ్మముకడ నిలిచి ఇంకను తేటగా తెలిసికొనవచ్చును.

డిచ్‌పల్లిలో 1920ల దశకమున పనిచేసిన జాన్ లో అను వైద్యుడు తరువాత కలకత్తాలోని ఉష్ణమండల వైద్యకళాశాలయందు పరిశోధన చేసి, అటుపిమ్మట ఆఫ్రికాఖండమున నైజీరియాకు పోయెను. 1941లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో సల్ఫోను జాతి మందులు ఈ రోగమునకు పనిచేయునని తేలినది. ఆ జాతిలోని డాప్సోను అను చౌకయైన మాత్రను నోటితో మ్రింగించి నయము చేయవచ్చునని 1940ల చివర నైజీరియాలో నిరూపించినవారిలో ఆయన యొకడు. డిచ్‌పల్లిలో నేర్చిన చేయి ఆఫ్రికాలో ఫలించినదని మా జిల్లావారు గర్వింపవచ్చును. అనగా 1950 నాటికి కుష్ఠువు చికిత్సకు లొంగు రోగము.

ఇచ్చటినుండి చట్టము నడకను చూడుడు. 1955లో స్వతంత్రభారతపు పార్లమెంటు హిందూ వివాహచట్టమును చేసెను. భార్యాభర్తలలో ఒకరికి మూడేండ్లుగ తీవ్రమైన, నయముకాని కుష్ఠు ఉన్నచో విడాకులు పొందవచ్చునని అందు వ్రాసిరి. నయమగు మందు వచ్చిన పిదప నయముకాని యను మాటను చట్టమున చేర్చిరి. 1976లో ఆ చట్టమును సవరించి మూడేండ్ల గడువును సైతము తీసివేసిరి. అనగా రోగము లొంగుచుండగ చట్టము బిగిసినది. 1981లో ప్రపంచారోగ్యసంస్థవారు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోను అను మందులను కలిపి యిచ్చు పద్ధతిని నిర్ణయించిరి. నేడు స్వల్పరోగమునకు ఆఱునెలలు, అధికరోగమునకు సంవత్సరము మందు వాడిన చాలును. మందు మొదలుపెట్టిన కొలదికాలమునకే రోగి యితరులకు అంటించు స్థితి పోవును. 1983లో మన ప్రభుత్వము జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమమును ఆరంభించెను.

నేను పనిచేసిన ఒక పాఠశాలకు ఆ కార్యక్రమపు ఉద్యోగి వచ్చి పిల్లల వీపులు చూచి, ఒక బాలుని మచ్చను గుర్తించెను. వాడు ఆఱునెలలు మాత్రలు మ్రింగి నయమయ్యెను. మచ్చ పోయినది, వాని ప్రక్కన కూర్చుండు పిల్లలు మాత్రము చాలకాలము రాలేదు. పెరిగిన పిమ్మట వానికి కుదిరిన సంబంధమొకటి ఈ మాట చెవినిబడినంతనే తప్పిపోయెను. ఎవరిని నిందింపగలము? ఆ పెండ్లివారు చట్టము చదివినవారు గారు. కాని దేశపు చట్టమే కుష్ఠును విడాకులకు కారణముగ వ్రాసికొనియుండగ, పల్లెటూరి పెద్దను మూఢుడనుట న్యాయమా?

1991లో ప్రపంచారోగ్యసభ 2000 సంవత్సరము నాటికి పదివేలమందికి ఒక్కరికంటె తక్కువగ ఈ రోగమును తగ్గింపవలెనని తీర్మానించెను. భారతదేశము దేశమంతటి లెక్కలో 2005 డిసెంబరునకు ఆ గుఱి నందుకొన్నది. అది గొప్ప విజయమే. ఐనను 2008లో ఒరిస్సా పురపాలక చట్టమునందలి నిషేధము, అనగా కుష్ఠుగలవాడు పురపాలకసంఘ సభ్యుడుగ నుండరాదను నియమము, సుప్రీంకోర్టుయెదుట నిలిచినది. శాసనసభ పునరాలోచన చేయదగునని న్యాయస్థానము సూచించినను ఆ నియమమును కొట్టివేయలేదు. 2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఈ వివక్షను తొలగింపవలెనని 65/215 సంఖ్యగల తీర్మానము చేసెను. దానితోడి మార్గసూత్రములలో, రోగిని రోగము పేరుతోనే పిలుచు అవమానకరమైన పదమును ప్రభుత్వపు భాషనుండి తీసివేయవలెనని యున్నది. పండితునకు ఇది ముఖ్యమైన సంగతి. కుష్ఠువాడు అనుటకును, కుష్ఠు సోకిన మనుష్యుడు అనుటకును నడుమ వ్యాకరణభేదము మాత్రమే లేదు. మొదటిదానిలో మనుష్యుడే లేడు.

2015లో భారత న్యాయసంఘము తన 256వ నివేదికలో ఈ వివక్షాచట్టములను ఏకరువుపెట్టి తొలగింపుమని కోరెను. 1898 నాటి చట్టము 2016లో రద్దయ్యెను. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వములకు పెక్కు ఆదేశములిచ్చి, రోగులను వెలివేయరాదనియు ప్రాథమికారోగ్యకేంద్రములలో మందు ఎల్లప్పుడు దొరకవలెననియు చెప్పెను. 2019లో అయిదు వివాహ, పోషణ చట్టములనుండి కుష్ఠు అను కారణమును పార్లమెంటు తొలగించెను.

ఇప్పుడు లెక్క కట్టుడు. నిర్బంధమవసరములేదని విచారణసంఘము చెప్పినది 1893. చట్టము పోయినది 2016. నడుమ 123 ఏండ్లు. మందుల పద్ధతి ఏర్పడినది 1981. వివాహచట్టము మాఱినది 2019. నడుమ 38 ఏండ్లు. ఔషధముచేత దోషము పోయిన హక్కు తిరిగి వచ్చునన్న విజ్ఞానేశ్వరుని సూత్రమును మన చట్టసభలు కన్నెత్తి చూచియున్నచో ఈ యాలస్యములో సగమైనను తప్పెడిది.

ఇది ముగిసిన కథ యని తలపకుడు. 2023లో ప్రపంచమున లక్షా ఎనుబదివేలమందికి పైగ క్రొత్తరోగులు తేలిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది భారతదేశమువారే. బొంబాయి ప్లేగు భయమున 1897లో చేసిన అంటురోగముల చట్టమునే 2020లో కోవిడునకు మన ప్రభుత్వములు ప్రయోగించినవి. రేపు మఱియొక రోగము వచ్చును. మఱల భయముతో చట్టములు పుట్టును. ఆపత్కాలమున కఠినచట్టము అవసరము కాదని నేననను. వఱద వచ్చినపుడు గట్టు వేయవలసినదే. వఱద తీసిన పిమ్మట ఆ గట్టు పొలమునకు నీరందనీయక అడ్డముగ నిలిచినయెడల దానిని తీయుటయు రైతు ధర్మమే.

కావున ఈ శాస్త్రమును చదువు విద్యార్థులకు ఈ పెద్దవాడు చెప్పు మాటలు మూడు. ఏ ఆరోగ్యచట్టము చేతికి వచ్చినను, అది పుట్టిన యేట వైద్యులకేమి తెలియునో మొదట అడుగుడు. అది ఎవరిని తాకుచున్నదో రెండవసారి అడుగుడు. మందు దొరకిననాడు దానిని మఱల చదువవలెనను నియమము దానిలోనే యున్నదో లేదో మూడవసారి అడుగుడు. లేనిచో చేర్పించుడు, ప్రతి రోగచట్టమునకును ఒక గడువుండవలెను. పుస్తకములు ముగిసిన తరువాత మన రాష్ట్రపు పంచాయతీ, పురపాలక చట్టములను తెఱచి ఒక్కొక్క పుట చదువుడు. ఎక్కడనైనను ఒక రోగము పేరు మనుష్యుని హక్కునకు అడ్డముగ కనబడినచో, ఆ రోగమునకు నేడు మందున్నదా యని విచారింపుడు. ఉన్నయెడల మీ పట్టమునకు తగిన పరిశోధన దొరకినట్లే.